నాయిన ఇచ్చిన గోలీలు

నాయిన పోయి ఈ మాఘమాసానికి ఏడాది. ఆలుగడ్డ తవ్వే రోజుల్లోనే పోయాడు. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే ముందు నా జబ్బే గుర్తొస్తోంది.

2018 ఆగస్టు ఆఖర్న దగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకు దిండు తడిసిపోయేది. చూపించుకున్న డాక్టరు రెండు నెలలు సిరప్‌లే రాశాడు, తెమడ పరీక్ష మాటే ఎత్తలేదు. దగ్గు రెండు వారాలు దాటితే ఆ పరీక్ష చేయించాలట. ఆ సంగతి ముందే తెలియనందుకు ఇప్పటికీ బాధే. చివరికి సర్కారు దవాఖానలో టీబీ అని తేలేసరికి నలభై ఒక్క కిలోలున్నాను.

రిపోర్టుతో ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఆలుగడ్డ విత్తనం కోస్తున్నారు. మాది జహీరాబాద్ దగ్గర ఎర్రనేల, విత్తనం ఆగ్రా నుంచి వస్తుంది. నాయిన గడ్డను వేళ్లతో తిప్పి చూసి, ముక్కకు రెండు కళ్లు, అంటే మొలకొచ్చే గుంటలు, ఉండేలా కోసేవాడు. కుళ్లిన గడ్డ తగిలితే కత్తిని మందునీళ్లలో ముంచాకే ఇంకోటి ముట్టేవాడు. నా మాట విని కత్తి పక్కన పెట్టాడు. పెళ్లి కావాల్సిన పిల్ల, బయటికి చెప్పొద్దని మేనత్త అంది. "జబ్బు దాస్తే పెరుగుతది అక్కా" అన్నాడు, అంతే.

మొదటి రెండు నెలలు రోజూ మూడు గోలీలు. తెల్లారి చేనుకు పోయేముందు విభూతి పెట్టుకుని, లింగపూజ చేసుకుని, ఆ చేత్తోనే గోలీలు, చెంబుతో నీళ్లు తెచ్చేవాడు. మింగేదాకా కదిలేవాడు కాదు. కడుపులో తిప్పేది, మూత్రం నారింజ రంగులో వచ్చేది. మందు వల్లేనని నర్సమ్మ ముందే చెప్పింది కాబట్టి భయపడలేదు. ఒకరోజు వద్దని ఏడిస్తే, "స్వామికి మొక్కుడు నా పని, గోలీ మింగుడు నీ పని బిడ్డా" అన్నాడు. పంట లారీ వెంట బోయినపల్లి మార్కెట్‌కు పోయినప్పుడు కూడా పొద్దున్నే ఫోన్ చేసి అడిగాడు.

గుడ్డు ముట్టని లింగాయతుల ఇల్లు మాది. బలానికి గుడ్లు పెట్టమన్నారని చెబితే అమ్మ బిక్కచచ్చిపోయింది. ఆ సాయంత్రం నాయిన తువ్వాలలో నాలుగు గుడ్లు చుట్టి తెచ్చాడు. పెరట్లో మూడు రాళ్లు పేర్చి, పాత సత్తుగిన్నెలో తనే ఉడకబెట్టాడు. పెంకు తీయడం చేతకాలేదు, తెల్లసొన సగం ఊడొచ్చింది. ఉప్పు చల్లి ఇచ్చి, స్నానం చేసి వచ్చి దేవుడి ముందు కూర్చున్నాడు. పుట్టినప్పటి నుంచి ముట్టనిది నా కోసం ముట్టాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

జనవరిలో తెమడ నెగెటివ్ వచ్చింది. అయినా ఇంకో నాలుగు నెలలు మందు ఆపనివ్వలేదు. 2019లో శివరాత్రి సోమవారమే వచ్చింది. ఏ యేడైనా తెల్లారకముందే ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి గుండంలో మునిగే మనిషి, ఆ యేడు నా గోలీలయ్యాకే బస్సెక్కాడు. సాయంత్రం వస్తూ మొగలిరేకు ఒకటి తెచ్చి నా తలగడ కింద పెట్టాడు. శివుడికి మొగలిపువ్వు పనికిరాదంటారు కానీ అక్కడ దానితోనే పూజ.

మే నెలలో మందు పూర్తయింది. అప్పటికి యాభై కిలోలకు వచ్చాను.

ఈ ఏడు విత్తనం తమ్ముడు తెప్పించాడు. నాయిన పీట మీద కూర్చుని నేనే కోశాను, ముక్కకు రెండు కళ్లు ఉండేలా.