గడిలో పట్టని పేరు

నెల్లూరులో నాకొక చిన్న జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్ అనేది పేరుకే, అసలు పని ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం. రోజుకు ముప్పై సార్లన్నా జిల్లా పేరు కొట్టాలి. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు. 2008లో మార్చారు. కొన్ని ఫారాల్లో గడి చాలక 'శ్రీ పొట్టి శ్రీరా' దగ్గరే ఆగిపోతుంది. వచ్చినవాళ్ళు "ఉత్త నెల్లూరని కొట్టక్కా, ఎవురు చూస్తారు" అంటారు. వీలున్నచోట నేనూ అట్లాగే కొట్టేస్తాను, అబద్ధమెందుకు.

పోయిన నెల నాయనకి కళ్ళ పరీక్ష కోసం చెన్నై వెళ్ళాం. నెల్లూరు వాళ్ళకి ఒంట్లో బాగలేకపోయినా చెన్నైయే, పెళ్ళి చీరలు కొనాలన్నా చెన్నైయే. పరీక్ష తొందరగానే అయిపోయింది. కంట్లో చుక్కలు వేశారు కాబట్టి సాయంత్రం దాకా మసకగానే ఉంటుందన్నారు. రైలుకి ఇంకా నాలుగు గంటలుంది. ఎక్కడన్నా కూర్చోబెడదామని నేను చూస్తుంటే నాయన, "పాపా, శ్రీరాములు పోయిన ఇల్లు ఈ ఊళ్ళోనే గదా, పోయొద్దాం పద" అన్నాడు.

ఆటో అతనికి ఆ పేరు చెబితే తెలియలేదు. మైలాపూర్, రాయపేట హైరోడ్డు, 126వ నంబరు అని ఫోన్లో చూపిస్తే తీసుకెళ్ళాడు. అప్పట్లో అది బులుసు సాంబమూర్తి గారిల్లు. శ్రీరాములు 1952 అక్టోబరు 19న అక్కడే ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష మొదలుపెట్టి, 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి అక్కడే ప్రాణం వదిలారు. ఇప్పుడు మన ప్రభుత్వం దాన్ని స్మారకంగా ఉంచింది. బయట బస్సుల హారన్లు. లోపలికి అడుగుపెట్టగానే నాయన చెప్పులు విడిచాడు. ఎవరూ విడవమని చెప్పలేదు.

తీరా లోపలికి పోయాక ఆయనకి ఏమీ కనపడటం లేదు. గోడమీది ఫొటో ముందు నిలబడి "ఎవరమ్మా ఇది?" అంటాడు. నేను చూసి చెప్పాలి. పుట్టింది ఈ మద్రాసులోనే, 1901 మార్చి 16న, అన్నాను. "మనోడు గదా, ఈడ పుట్టాడా?" అన్నాడు. వాళ్ళ పెద్దల ఊరు కనిగిరి దగ్గర పడమటిపల్లి. ఆయన బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగ్ చదివి రైల్వేలో ఉద్యోగం చేశారు. భార్య, బిడ్డ పోయాక ఉద్యోగం వదిలేసి సబర్మతిలో గాంధీ ఆశ్రమం చేరారు. ఇదంతా నేను చెబుతుంటే నాయన ఊఁ కొడుతూ విన్నాడు. ఎంతసేపూ ఆయన మనసు వేరేచోట ఉంది.

"మూలాపేట గుడి ఫొటో ఉందా?" అని అడిగాడు.

మా ఇల్లు మూలాపేటలోనే. అక్కడి వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని 1946లో శ్రీరాములు నిరాహార దీక్ష చేశారు. మా అవ్వ ఆయన్ని కళ్ళారా చూసింది. ఎండలో చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా, అంటరానితనం పోవాలని రాసిన అట్టలు పట్టుకుని నెల్లూరు వీధుల్లో తిరిగేవాడట. "పిచ్చోడనుకున్నాం మే" అనేది అవ్వ. ఆ మాట చెప్పేటప్పుడు నవ్వేది కాదు.

నేను వెతికాను. గోడమీద నా కళ్ళకైతే మూలాపేట కనపడలేదు. కనపడలేదంటే నాయన ఏమనుకుంటాడోనని "ఉండుంటుందిలే నాయనా, ఇంకో గదిలో" అన్నాను. ఆయన నమ్మలేదని నాకు తెలుసు.

అక్కడే బెంచీమీద కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. మద్రాసు మీద ఆశ వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రం అని 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభిల కమిటీ తేల్చేసింది. ఈయన మద్రాసులోనే పడుకుని ప్రాణం వదిలాడు. నాలుగు రోజులకి, డిసెంబరు 19న, నెహ్రూ రాష్ట్రం ప్రకటించాడు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది, మద్రాసు అరవం వాళ్ళకే ఉండిపోయింది. మనమేమో ఆయనకి నవంబరు 1న దండలేస్తాం. అది 1956 నాటి ఆంధ్రప్రదేశ్ పుట్టినరోజు. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళు కావొస్తోంది. నాయనకి ఈ తేదీలంటే కోపం. నాకైతే తేదీల కంటే ఇంకొకటి గుచ్చుకుంది. రాష్ట్రం కోసం చేసిన దీక్ష మనందరికీ పనికొచ్చింది, అందుకే గుర్తుంది. గుడి కోసం చేసిన దీక్ష మన వీధివాళ్ళనే నిలదీసింది. దాన్ని చిన్నప్పుడు నాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు. అవ్వ చెప్పకపోతే నాకూ తెలిసేది కాదు.

రైల్లో గూడూరు దాటాక నాయన కళ్ళు కాస్త తేటపడ్డాయి. మర్నాడు పొద్దున్నే షాపుకి పోతుంటే "నన్ను గుడి కాడ దించి పో" అన్నాడు. దించాను. గుడి ముందు పూలమ్మే ఆమెని అడుగుతున్నాడు, శ్రీరాములు దీక్ష చేసింది ఏ పక్కన అని.

ఆమె మూర కొలుస్తూనే తలెత్తి చూసింది. "ఏ శ్రీరాములు పెద్దాయనా, పాలు పోసేటాయనా?"