ఢిల్లీకి దక్కని ఆసియా క్రీడలు

2014 ఆసియా క్రీడల ఆతిథ్యం కోసం 2007 ఏప్రిల్ 17న కువైట్‌లో జరిగిన ఓటింగులో ఢిల్లీకి 13 ఓట్లు, దక్షిణ కొరియా నగరం ఇంచియాన్‌కు 32 ఓట్లు వచ్చాయి. మరునాడు నెల్లూరు ట్రంకురోడ్డులో టీ అంగడి దగ్గర పేపరు చేతులు మారేకొద్దీ మాటలు వేడెక్కాయి. పీడ వదిలిందని కొందరు, దేశం పరువు పోయిందని కొందరు వాదించుకున్నారు. అప్పటి క్రీడల మంత్రి మణిశంకర్ అయ్యరే ఆ ప్రయత్నాన్ని వ్యతిరేకించినందువల్ల ఇరుపక్షాల నోటా ఆయన పేరే నలిగింది.

నన్ను కదిలించింది మాత్రం పక్కనే నిలబడిన ఒక పీఈటీ మాస్టారి మాట. "ఆటలు ఎక్కడ జరిగితే ఏమి సార్, మా పిల్లలు పరుగెత్తడానికి చదునైన నేల చూపించండి" అన్నారాయన. వానకు లాంగ్‌జంప్ గుంటలోని ఇసుక కొట్టుకుపోతే, ఆయన బడి పిల్లలే పెన్నా నుంచి గోతాలతో మోసుకొచ్చి నింపేవారట.

అయినా ఆతిథ్యమే వద్దన్న వాదనతో నేను ఏకీభవించను. 1982 ఆసియా క్రీడల వల్లనే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వచ్చింది, ఆ ఏడాదే దూరదర్శన్ రంగుల్లోకి మారింది. 2036 ఒలింపిక్స్ కోసం మన దేశం ప్రయత్నిస్తున్న ఈ సమయంలో, ఆ ప్రణాళికలో జిల్లా మైదానాలకూ ఒక పద్దు కేటాయించాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.