కోచ్ కావాలట, జిమ్నాస్టిక్స్ మాత్రం వద్దట

జిమ్నాస్టిక్స్ కోచ్‌ని నేను. ఉద్యోగం కోసం ఈ వారం ఇంకో ఇంటర్వ్యూ అయింది. పటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా చూశారు, నా దగ్గర నేర్చుకుని రాష్ట్ర పోటీల దాకా వెళ్లిన పిల్లల ఫోటోలు చూశారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "జుంబా కూడా చెప్తారా?"

స్కూళ్లది ఇంకో రకం. వాళ్లకి కావాల్సింది పీఈటీ. పొద్దున అసెంబ్లీ, మధ్యలో ఖోఖో, ఏ టీచరైనా సెలవు పెడితే ఆ క్లాసు, యాన్యువల్ డేకి పిల్లలతో పిరమిడ్. దానికి కింద మ్యాట్లు కావాలంటే "రెండు నిమిషాల ఐటమ్‌కి ఎందుకండీ" అన్నారు ఒకచోట. పైన నిలబడే పిల్ల జారడానికి రెండు నిమిషాలు కావాలా? ఆ ఉద్యోగం నేనే వద్దనుకున్నాను. ఇంట్లో తిట్లు తప్పలేదు.

2016లో దీపా కర్మాకర్ రియో ఒలింపిక్స్‌లో వాల్ట్‌లో (పరిగెత్తుకొచ్చి బల్ల మీద చేతులు ఆనించి గాల్లో పల్టీ కొట్టే విభాగం) నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, 2018లో మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో కాంస్యం గెలిచినప్పుడు పిల్లల్ని చేర్పిస్తామని ఒకటే ఫోన్లు. కొన్నాళ్లకి ట్యూషన్ టైమ్ అని ఒక్కొక్కరూ మానేశారు. వాళ్లని ఏమనగలం!

అసలు చిక్కు జాగాతోనే. బీమ్ (పైన నిలబడి విన్యాసాలు చేసే సన్నటి దూలం) ఒక్కటే 5 మీటర్ల పొడవు, వాల్ట్‌కి పరుగు 25 మీటర్లు. సిటీలో అంత ఖాళీ స్థలం ఉన్నాయన బాక్స్ క్రికెట్ టర్ఫ్ వేసి అర్ధరాత్రి దాకా గంటల లెక్కన అద్దెకిచ్చుకుంటాడు గానీ మనకెందుకిస్తాడు?

మీకు తెలిసిన అకాడమీలో సాయంత్రం బ్యాచ్‌కి కోచ్ కావాలంటే చెప్పండి. చిన్నపిల్లలైతే బేసిక్స్ నుంచి మొదలుపెడతాను. సిటీలో ఏ మూలైనా పర్లేదు, మెట్రో దగ్గరైతే మరీ మంచిది.