సొంత క్యాలిక్యులేటర్: మైనస్‌కు రెండు బటన్లు ఎందుకంటే

కోఠి గుజరాతీ గల్లీల కొన్న 4×4 కీప్యాడ్ పక్కకు పెట్టేసిన. పదహారు బటన్లల పది అంకెలకే పోతయి. ప్లస్, మైనస్, ఇంటూ, భాగారం, ఈక్వల్, క్లియర్ పెడితే పాయింటుకు కూడ జాగ లేదు. డాట్ బోర్డు మీద ట్యాక్ట్ స్విచ్‌లతోని (చిన్న నొక్కుడు బటన్లు) 4×5 సొంతంగ కట్టిన. తొమ్మిది వైర్లు, ఆర్డ్వినో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డుల డీ2 నుంచి డీ10 పిన్నుల దాకా. 16×2 డిస్‌ప్లే ఐ2సీ అనే రెండు వైర్ల లైను మీద, ఏ4, ఏ5 పిన్నులకు.

పంచాయితీ అంత మైనస్ కాడ. తీసివేతకొకటి, ఋణ సంఖ్యకొకటి ఎందుకు, ఒక్కటి సాలదా అంటడు మా తమ్ముడు. చాలా వరకు సాల్తది. ఖాళీ తెర మీద గాని, ఇంటూ, భాగారం వెనక గాని మైనస్ వస్తే అది ఋణమే; అంకె వెనక వస్తే తీసివేత. 8×−3 అంటే కోడే పసిగడ్తది. చిక్కు జవాబు వచ్చినంకనే.

నల్లగొండ మార్కెట్ల బత్తాయి లెక్కలు రాసే మా బాబాయికిచ్చి చూసిన. రైతు సరుకు 9,500, తీసుకున్న అడ్వాన్సు 12,000. తెర మీద −2500. ఆగకుండ మైనస్ నొక్కి 300 హమాలీ కొట్టిండు. ఆయనకు −2800 రావాలె. ఏడో తరగతి మేనల్లుడు అదే తెర మీద మైనస్ నొక్కి 7 కొట్టిండు. వాని లెక్కల అది కొత్త సంఖ్య, −7. బటన్ అదే, మనసులున్నది వేరు. కోడ్ ఎట్ల కనిపెడ్తది? టీఐ-84 అనే క్యాలిక్యులేటర్ల ముందే తీసివేత మైనస్ నొక్కితే పాత జవాబు వచ్చి దాని ముందట నిలబడ్తది. ఋణ సంఖ్యకు బ్రాకెట్ల మైనస్ విడిగ ఉంటది. నేను గూడ గదే పెట్టిన.

± బటన్ వద్దనుకున్న. అండ్ల సంఖ్య ముందు కొట్టి, గుర్తు తర్వాత మార్చాలె. మనం కాయితం మీద గుర్తే ముందు రాస్తం గద.

తెర మీద రెండూ ఒకే తీరు కనిపిస్తే లాభం లేదు. అందుకే ఋణానికి సొంత అక్షరం: 5×8 చుక్కలల్ల పైనుంచి మూడో వరుసల మూడే చుక్కలు. చిన్నగ, జర పైకి ఉంటది. రెండు అంకెల నడుమ ఋణం బటన్ నొక్కితే అది పని చెయ్యదు, ఎల్‌ఈడీ ఒకసారి మెరుస్తది. తీసివేతగ మార్చేసుడు నాకు నచ్చదు, తప్పు తెలియకుండ పోతది.

−3² కొడితే −9 ఇస్తున్న. ఎక్సెల్‌ల =-3^2 అంటే 9 వస్తది, గది నాకు పడదు. అయితే (−3)²కు బ్రాకెట్లు కావాలె, బటన్లేమో నిండినయి. క్లియర్ బటన్‌ను తీసి బ్రాకెట్‌కు ఇస్తున్న. బ్యాక్‌స్పేస్‌ను 500 మిల్లీసెకన్లు పట్టుకుంటే అదే క్లియర్.

మిగిలింది పైసలు. నానోల ఫ్లోట్ (పాయింటు సంఖ్యలు దాచే తీరు) ఆరేడు అంకెలకే నమ్మకం. 32 బిట్ల పూర్ణసంఖ్యల పైసలుగ దాస్తే 2,14,74,836.47 రూపాయల దాకా పోతది. బత్తాయికి అది సాలు. భాగారం సంగతి ఇంక చూడాలె.