మెతుకు పడని బల్ల దగ్గర 41 బొద్దింకలు: నా అనుభవం

మా ఉమ్మడి వర్క్‌షాప్‌లో బొద్దింకల పని నా మెడకు చుట్టుకుని 14 వారాలైంది. నిన్నటితో వరసగా మూడు వారాలు జిగురు అట్టల మీద ఒక్కటి కూడా పడలేదు. మళ్ళీ పడేలోపు రాసేస్తున్నాను. నలభై మంది వాడుకునే చోటు అది. ఎవరిని అడిగినా "నేనక్కడ తినను" అనే అంటారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం.

తేలిగ్గా తెమిలిన పనులు ముందు చెప్పేస్తాను. చిట్టెలుకకి పెన్సిలు దూరేంత కన్నం చాలు, అంటే ఆరేడు మిల్లీమీటర్లు. షట్టర్ మూలల్లోనూ, పైపులు గోడలోకి దూరే చోటా స్టీల్ పీచు గట్టిగా కుక్కి పైన సీలెంట్ పూశాను. ఉత్త ఫోమ్ నింపితే ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. స్ప్రింగు ట్రాపులు గోడకి అడ్డంగా, ఎర ఉండే కొస గోడవైపు వచ్చేలా, రెండు మూడు మీటర్లకొకటి పెట్టాను. విషం జోలికి పోలేదు, మీరూ పోకండి. విషం తిన్న ఎలుక గోడలోనే చస్తుంది, ఆ కంపు వారాల తరబడి వదలదు. పెంటికల్ని చీపురుతో ఊడవొద్దు, ఎయిర్ గన్‌తో ఊదడం అంతకన్నా వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గ్లౌజులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి తడిపి, ఐదు నిమిషాలాగి కాగితంతో తుడిచేయాలి. అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక్క ఎలుక రాలేదు. ఈ ఒక్కటీ గొప్పగానే చెప్పుకుంటాను.

బాత్రూమ్ నేల డ్రైన్లోంచి వచ్చే నూగు రెక్కల చిన్న ఈగల సంగతి ఇంకా చిన్నది. డ్రైన్ మీద సెలోటేపు జిగురువైపు కిందికి పెట్టి, గాలి ఆడేలా సందు వదిలి రాత్రంతా ఉంచితే అవి అక్కణ్ణుంచే వస్తున్నాయో లేదో తెలుస్తుంది. లోపలి జిడ్డు పొరని బ్రష్‌తో గీకాలి, వాడని డ్రైన్లో వారానికో చెంబు నీళ్ళు పోయాలి. అంతే.

ఇక బొద్దింకలు. మాకు పట్టినవి డ్రైనేజీలోంచి వచ్చే పెద్ద ఎర్రవి కావు. 12 నుంచి 15 మిల్లీమీటర్ల పొడవు, లేత గోధుమ రంగు, తల వెనక రెండు నల్ల చారలు. వీటిని జర్మన్ బొద్దింకలంటారు. పేరుకే జర్మన్. వీటి పుట్టుక దక్షిణాసియాలో, దాదాపు 2,100 ఏళ్ళ కిందట, ఆసియా బొద్దింక నుంచి అని 2024లో జన్యు పరిశోధనలో తేలింది. ఇవి పూర్తిగా మనిషి కట్టుకున్న గూళ్ళలోనే బతుకుతాయి. ఆడది గుడ్ల తిత్తిని పొదిగేదాకా ఒంటికే అంటించుకుని తిరుగుతుంది, ఒక్కో తిత్తిలో 30-40 గుడ్లు. అప్పుడే పుట్టిన పిల్ల ఎంత సందులో దూరుతుందో చూడాలంటే ఒక ఏటీఎం కార్డు గుచ్చి చూడండి. అది పట్టే సందైతే పిల్లకి ఇల్లు దొరికినట్టే.

మొదటి రోజే నేను చేసిన తెలివితక్కువ పని వంటగట్టు గోడ మీద నోటీసు అంటించడం. "తిన్న చోటు తుడవని వాళ్ళ వల్లే ఈ పురుగులు" అని పెద్ద అక్షరాలతో రాశాను. అట్టలు పెట్టకముందే తీర్పు చెప్పేశానన్నమాట.

అట్టలు ఆ మర్నాడు పెట్టాను. జిగురు అట్ట బొద్దింకల్ని చంపడానికి అనుకుంటే డబ్బు దండగ. అది లెక్క చెప్పే పుస్తకం. 14 అట్టలకి నంబరు, తేదీ వేసి, గోడా నేలా కలిసే మూలన, అంచు గోడకి తాకేలా పెట్టాను. నేల మధ్యలో పెడితే దుమ్మే పడుతుంది. రంపప్పొట్టు రేగే చోట పైకప్పున్న అట్ట వాడాలి, లేకపోతే రెండు రోజుల్లో జిగురు చచ్చిపోతుంది. మొదటి వారం లెక్క: వంటగట్టు దగ్గర నాలుగు అట్టల మీద 19, సోల్డరింగ్ బల్ల (సీసం కరిగించి వైర్లు అతికే చోటు) కింద రెండు అట్టల మీద 8, మిగతా చోట్ల ఒకటీ అరా. ఆ ఎనిమిదీ దారి తప్పినవి అనుకున్నాను. బల్ల దగ్గర ఎవరూ ఏమీ తినరు, సీసం ముట్టుకున్న చేతులతో తినకూడదని అక్కడ నియమం.

వంటగట్టు కింద, ఫ్రిజ్ వెనక, తలుపు బందుల పక్కన జెల్ మందు పెట్టాను. పెసరగింజంత చుక్కలు, పాతిక దాకా. నాలుగు పెద్ద ముద్దల కంటే పాతిక చిన్న చుక్కలు మేలు, ఎందుకంటే ఈ పురుగులు గూటికి ఎక్కువ దూరం పోవు. తిన్నది గూటికి పోయి చస్తుంది. దాని రెట్టనీ దాని శవాన్నీ తిన్న పిల్లలు కూడా చస్తాయి. జెల్ గొప్పదనం అంతా అందులోనే ఉంది, బయటికి రాని పిల్లల దాకా మందు చేరుతుంది.

రెండో వారం మా కమిటీ పెద్దాయన ఒక కంపెనీకి పని అప్పజెప్పాడు. ఆ కంపెనీ పేరు రాయను. "స్ప్రే కొడితే నా జెల్ దండగైపోతుందండీ" అన్నాను. "ఒక్క పూటలో తేలిపోయే పనికి నెలలంటావేంటయ్యా" అన్నాడు. వీపున పంపు కట్టుకుని వచ్చినవాడు గోడల అంచులన్నీ, నా చుక్కల మీద సహా, తడిపి వెళ్ళాడు. అలాంటి స్ప్రేల్లో ఉండే పైరెథ్రాయిడ్ మందులు తగిలితే బొద్దింక చావకముందే బెదిరి పారిపోతుంది. మందు పడిన జెల్‌ని ఇక ముట్టదు. పైగా ఈ మందులకి లొంగని సంతతి ఎప్పుడో పుట్టింది. గదిని పొగతో నింపే డబ్బాలైతే మరీ అన్యాయం. నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఇళ్ళలో పరీక్షించి 2019లో ప్రచురించిన దాని ప్రకారం వాటివల్ల బొద్దింకలు తగ్గలేదు, మందు మాత్రం మనుషులు తాకే చోట్ల మిగిలింది. ఈ కాగితం కమిటీకి ముందే చూపించాను. ఎవరూ చదవలేదు.

మూడో వారం లెక్క చూసి నా కళ్ళు నేనే నమ్మలేదు. వంటగట్టు 6. సోల్డరింగ్ బల్ల 41. అందులో ముప్పై దాకా నువ్వుగింజంత పిల్లలే. బల్ల తుడిచాను, సొరుగులు ఖాళీ చేశాను, కింద కొత్త జెల్ పెట్టాను. నాలుగో వారం 38. జెల్ చుక్కలు పెట్టినవి పెట్టినట్టే ఎండిపోయి ఉన్నాయి. తిండి లేదు, చెత్తబుట్ట లేదు, పెట్టిన ఎర కూడా తినట్లేదు. మరి ఏం తాగి బతుకుతున్నాయి అనే ప్రశ్న నాకు రాలేదు. ఏం తింటున్నాయనే వెతుకుతున్నాను.

చివరికి ఒక రాత్రి టార్చికి ఎర్ర సెలోఫేన్ కాగితం చుట్టుకుని వెళ్ళాను. ఎరుపు వెలుగు వీటికి సరిగా కనపడదు, మామూలు టార్చి వేస్తే చెల్లాచెదురైపోతాయి. దీపాలార్పి ఇరవై నిమిషాలు కదలకుండా కూచున్నాను. సోల్డరింగ్ స్టాండు ముందు భాగంలో, అగ్గిపెట్టె అంత చోటులో, వేడి కడ్డీ కొన తుడిచే తడి స్పాంజి ఉంటుంది కదా. దాని చుట్టూ గిన్నె అంచు మీద వరసగా పిల్లలు, తలలు లోపలికి వంచి, మీసాలు కదుపుతూ నీళ్ళు తాగుతున్నాయి. పది స్టాండ్లలో ఏడింటి దగ్గర ఇదే కథ. తాగినవి తిరిగి బల్ల కాలి దగ్గరికి వెళ్ళి మాయమవుతున్నాయి.

బల్ల కాళ్ళు చదరపు ఇనుప పైపులు. కింద ఉండాల్సిన ప్లాస్టిక్ మూతలు ఎప్పుడో ఊడిపోయాయి. పైపు నోటి చుట్టూ మిరియాల పొడి చల్లినట్టు నల్లటి రెట్ట. పైన బల్ల అడుగున రాత్రింబవళ్ళు ఆన్‌లో ఉండే పవర్ సప్లై, వెచ్చగా. చీకటి, వెచ్చదనం, చేతికందే దూరంలో నీళ్ళు. ఈ బొద్దింక తిండి లేకున్నా నీళ్ళుంటే నెలపైన లాగుతుంది. నీళ్ళు లేకపోతే రెండు వారాలు గడవడం కష్టం. తిండి మాటకొస్తే బల్ల కింద రాలిన జిగురు, అట్టపెట్టె పిండి, చచ్చిన తోటివాళ్ళు, ఏదైనా సరిపోతుంది. జెల్ ఎందుకు తినలేదంటే, ఆ కంపెనీ మనిషి తడిపిన అంచుల మీదే నేను చుక్కలు పెట్టాను. వంటగట్టు నుంచి బెదిరిన పెద్దవి కేబుల్ గొట్టం వెంబడి ఇక్కడికే వచ్చి చేరాయి.

పరువు పోయింది దీనివల్ల కాదు. ప్రతి స్టాండు మీదా అంటించి ఉన్న చీటీ వల్ల. "వెళ్ళేముందు స్పాంజి తడిపి వెళ్ళండి, తర్వాత వచ్చేవారికి సిద్ధంగా ఉంటుంది." ఆ చేతిరాత నాది. రెండేళ్ళ కిందట నేనే పెట్టిన నియమం. నెలవారీ సమావేశంలో అంకెలు చదివాక వంటగట్టు చూసుకునే అమ్మాయి అడిగింది: "అన్నా, ఆ నోటీసు ఇప్పుడు ఎక్కడ అంటిద్దాం?" కమిటీ పెద్దాయన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. స్ప్రే విషయం మాట్లాడదామని నోట్సు రాసుకెళ్ళినవాణ్ణి, జేబులోంచి తీయలేదు.

తర్వాత చేసింది చేసినట్టు రాస్తాను. స్పాంజిలన్నీ తీసేసి ఇత్తడి పీచు డబ్బాలు పెట్టాం. కొనకి కూడా అదే మంచిది, తడి తగిలి చల్లారిపోదు. స్పాంజే కావాలనేవాళ్ళు వెళ్ళేటప్పుడు పిండి, బోర్లించి పోవాలి. పవర్ సప్లైలు రాత్రిపూట మెయిన్ దగ్గరే ఆపేస్తున్నాం. వాటిని విప్పి శుభ్రం చేయాలనే ఉబలాటం వద్దు, ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో ఛార్జి నిలిచి ఉంటుంది. పైనుంచి, జాలీ దగ్గరనుంచి వాక్యూమ్ చేస్తే చాలు. సన్నటి దుమ్ము కూడా ఆపే హెపా ఫిల్టరున్నది వాడండి, రెట్ట పొడి ఉబ్బసం ఉన్నవాళ్ళకి పడదు. పైపు కాళ్ళని కూడా సన్నటి గొట్టంతో లాగి, స్ప్రే పడిన అంచుల్ని సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగి, ఆరాక జెల్ పెట్టాను. ఈసారి చుక్కల్ని నేరుగా ఇనుము మీద కాకుండా చిన్న ప్లాస్టిక్ ముక్కల మీద పెట్టి పైపులోకి తోశాను, ఎండిపోతే తీసి మార్చొచ్చు. మూతలు వెంటనే బిగించలేదు. బతికినవి లోపల ఉండగా మూస్తే ఇంకో సందు వెతుక్కుంటాయి. లెక్క పడిపోయాకే బిగించాలి.

బోరిక్ పొడి బీరువాల కింద మాత్రమే వేశాను, కంటికి కనపడీ కనపడనంత పలచగా. కుప్పగా పోస్తే బొద్దింక చుట్టూ తిరిగి పోతుంది. ఎయిర్ గన్ వాడే బల్లల దగ్గర ఈ పొడి వేయకూడదు, ఒక్క ఊదుకి అందరి ముక్కుల్లోకి పోతుంది.

ఆరో వారం 17, ఎనిమిదో వారం 9. తొమ్మిదో వారం మళ్ళీ 13. ఇక్కడే చాలామంది చేతులెత్తేసి స్ప్రే కంపెనీకి ఫోన్ చేస్తారు. అది ఓటమి కాదు, లోపల మిగిలిన గుడ్ల తిత్తులు అప్పుడు పొదిగాయి. పిల్ల పెద్దదై గుడ్లు పెట్టడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది, ఆలోపు పట్టుకుంటే చాలు. రెండో విడత వేరే మందున్న జెల్ వాడాను. తీపి ఎర తిన్నవి చచ్చి, గ్లూకోజ్ రుచే గిట్టనివి మిగిలే సంతతి ఉందని 1993 నుంచే తెలుసు. అందుకే ఒకే ట్యూబుని నమ్ముకోకూడదు. పదకొండో వారం 2. ఆ తర్వాత సున్నాలు.

ఇప్పుడు శుభ్రత వంతుల పట్టికలో మొదటి గడి "ఊడ్చారా" కాదు, "తడి ఏదైనా మిగిలిందా" అన్నది. సింకు అడుగు, ఫ్రిజ్ వెనక నీళ్ళు పడే పళ్ళెం, మాపు బకెట్, ఏసీ గొట్టం కొస, లేజర్ కట్టర్‌ని చల్లబరిచే చిల్లర్ కింద. చివరికి వెళ్ళేవాళ్ళు ఐదూ చూసి సంతకం పెట్టాలి. ఎవరైనా పాత సామాను ఇస్తే నేరుగా లోపలికి రానివ్వడం లేదు. అట్టపెట్టె బయటే పారేసి, వస్తువుని పెద్ద పాలిథిన్ సంచిలో ఒక జిగురు అట్టతో సహా మూటకట్టి నెల రోజులు ఉంచుతున్నాం. ఒక మిత్రుడు "పాత ప్రింటర్‌కి జైలా" అన్నాడు. పన్నెండో రోజున దాని అట్ట మీద రెండు పడ్డాయి. ఆ సంచి విప్పకుండా అతని చేతికే ఇచ్చాను.

నా నోటీసు వంటగట్టు గోడ మీద ఇంకా ఉంది. చింపబోతే ఎవరూ ఒప్పుకోలేదు. నిన్న అట్టలన్నీ మార్చి కొత్త తేదీ వేశాను. పాతవాటి మీద ఒక సాలీడు, నాలుగు చీమలు, బోలెడంత రంపప్పొట్టు.