వింబుల్డన్ లైన్లో 2,614వ వాణ్ణి

లండన్‌లో ఉంటున్న మా మేనకోడలు ముందే చెప్పేసింది, "మామయ్యా, పెద్ద మ్యాచ్‌లాడే సెంటర్ కోర్టు మీద ఆశ పెట్టుకోకు. టికెట్ల లైన్లో కూర్చుందాం, ఏది దొరికితే అది చూద్దాం" అని. 2024 జూలై, వింబుల్డన్ టెన్నిస్ టోర్నీ మూడో రోజు. తెల్లవారి ఐదింటికి వింబుల్డన్ పార్కుకు చేరేసరికి గడ్డి మీద వరసగా గుడారాలు. రాత్రే వచ్చి పడుకున్నవాళ్లవి. లైను చివర జెండా పట్టుకుని నిలబడ్డ ఆయన చెరో కార్డు ఇచ్చాడు. నాది 2,614.

కార్డు చేతికొస్తే ఇక తోపులాట లేదు. కాఫీకి వెళ్లిరావచ్చు, మన చోటు మనదే. తిరుమల కంపార్టుమెంట్లలో గంటలకొద్దీ కూర్చున్నవాణ్ణి, ఇదో లెక్కా? పైగా డబ్బాలో పులిహోర ఉంది. ఇక్కడ బయటి తిండిని లోపలికి రానిస్తారు. మా ముందున్న పెద్దావిడ ఓ చెంచాడు తిని, తర్వాత పావుగంట నీళ్లు తాగుతూనే ఉంది.

ఇంత పెద్ద టోర్నీ ఓ రోలరు మరమ్మతు ఖర్చు కోసం మొదలైందంటే నవ్వొస్తుంది. 1868లో క్రోకే (పచ్చిక మీద బంతిని కొయ్య సుత్తితో కొట్టే ఆట) ఆడుకోవడానికి పెట్టుకున్న క్లబ్బు అది. పచ్చికను చదును చేసే గుర్రపు రోలరు బాగుచేయించడానికి డబ్బులు కావలసి, 1877లో టెన్నిస్ పోటీ పెట్టారు. ఆడింది 22 మంది. ఫైనల్ చూడటానికి తలకో షిల్లింగు ఇచ్చి ఓ 200 మంది వచ్చారు. స్పెన్సర్ గోర్ గెలిచాడు. ఆడవాళ్లకు పోటీ పెట్టడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. ఇప్పుడున్న చర్చ్ రోడ్డు స్థలానికి 1922లో మారారు. ఒకప్పుడు అమెరికా, ఆస్ట్రేలియా టోర్నీలూ పచ్చిక మీదే జరిగేవి. 1974 తర్వాత అమెరికావాళ్లు, 1987 తర్వాత ఆస్ట్రేలియావాళ్లు మానేశారు. గ్రాండ్‌స్లామ్‌లనే నాలుగు అతి పెద్ద టెన్నిస్ టోర్నీలలో గడ్డి మిగిలింది ఇక్కడొక్కచోటే.

లోపలికి వెళ్తూ సెంటర్ కోర్టు గోడ పక్కన ఓ నిమిషం ఆగాను. 2015లో సానియా మీర్జా, మార్టినా హింగిస్ జంటగా డబుల్స్ ఫైనల్ ఆడింది అక్కడే. మూడో సెట్టులో 2-5తో వెనకబడ్డాక కూడా 7-5తో గెలిచారు. ఆ రాత్రి హైదరాబాద్‌లో మా ఇంట్లో నేనొక్కణ్ణే మేలుకుని, అరవకుండా నోరు నొక్కుకున్నాను.

కోర్టు 18 గోడకు ఓ ఫలకం ఉంది. 2010లో ఇస్నర్, మహూ అనే ఇద్దరు ఆటగాళ్లు ఒకే మ్యాచ్‌ను ఇక్కడ మూడు రోజుల పాటు 11 గంటల 5 నిమిషాలు ఆడారు, చివరి సెట్టు 70-68. టీవీలో చూసి ఆ కోర్టును ఎంతో ఊహించుకున్నాను. చూస్తే బుల్లి కోర్టు!

మేం కూర్చున్నదీ అలాంటి చిన్న కోర్టులోనే, రెండో వరసలో. టీవీ ఎప్పుడూ చూపించనివి ఇక్కడ కనిపించాయి. ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తున కత్తిరించిన గడ్డి మూడో రోజుకే బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) దగ్గర గోధుమరంగుకు తిరిగింది. నెట్ దగ్గర మాత్రం ఎవరూ తొక్కక నిగనిగలాడుతోంది. సర్వ్ చేసి ముందుకు ఉరికే ఆట పోయిందని ఆ గడ్డే చెబుతోంది. బంతి లైను దాటగానే ఓ లైన్ జడ్జి చెయ్యి చాచి "అవుట్" అని అరిచిన అరుపుకు నేను ఉలిక్కిపడ్డాను. మరుసటి ఏడాది నుంచి ఆ పని యంత్రాలకిచ్చేశారు. ఆ అరుపు విన్నవాణ్ణి కాబట్టి నాకది నచ్చలేదు.

మధ్యాహ్నం చినుకులు మొదలయ్యాయి. కుర్రాళ్లు పరుగున వచ్చి కోర్టు మీద పట్టా లాగేశారు. క్రీము పోసిన స్ట్రాబెర్రీలు, రెండున్నర పౌండ్లు, గొడుగు కింద తిన్నాం. కొంచెం పులుపే, పంచదార అడుగుదామంటే మేనకోడలు మోచేత్తో పొడిచింది.

ఆట మళ్లీ మొదలయ్యేసరికి సాయంత్రమైంది. ఆ చిన్న కోర్టులకు లైట్లు లేవు. నాలుగో సెట్టు మధ్యలో బంతి కనబడక ఆపేశారు. మిగిలింది మర్నాడు. నాకేమో మర్నాడు పొద్దున్నే ఎడింబరో రైలు. నేను చప్పట్లు కొట్టిన కుర్రాడు ఓడిపోయాడని రైల్లో ఫోన్లో చూశాను.