నాలుగో సంతకం

వనస్థలిపురంలో 150 గజాల పాత ఇంటికి 2021 ఫిబ్రవరిలో బయానా ఇచ్చాం. ధర 70 లక్షలు. మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంటులో రాసుకున్నాం. తీరా అయ్యింది జులై 29న.

ఇల్లు ఎవరి పేరు మీద ఉందో ఆయన 2019లో చనిపోయారు. వీలునామా రాయలేదు. ఆయన భార్య, కొడుకు మాతో మాట్లాడి ధర ఖాయం చేశారు. కూతురు డల్లాస్‌లో ఉంటుంది. ఎమ్మార్వో ఆఫీసులో తీసుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఈ ముగ్గురి పేర్లే ఉన్నాయి. 1983 నుంచి ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, తీయించాం. అప్పులు లేవు, తనఖాలు లేవు, 1998 నాటి సేల్ డీడ్ శుభ్రంగా ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాం.

మార్చి చివర్లో, మేము లోన్ అడిగిన బ్యాంకు తరఫు లాయర్ గారు కాగితాలన్నీ చూసి ఒకే ప్రశ్న అడిగారు. "ఆయన పోయేనాటికి వాళ్ళ అమ్మగారు ఉన్నారా?"

ఉన్నారు. ఇప్పటికీ ఉన్నారు. మిర్యాలగూడ దగ్గర చిన్న కొడుకు ఇంట్లో.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా మగవాళ్ళు చనిపోతే వాళ్ళ సొంత ఆస్తిలో భార్యకి, పిల్లలకి ఎంత హక్కో తల్లికీ అంతే హక్కు. ఆ ఇంట్లో ఆమెది నాలుగో వంతు. నాకు ఈ సంగతి ఆ రోజు దాకా తెలియదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. ఎవరు చనిపోయారు, వాటా ఎవరికి వచ్చింది అన్నది అందులో ఉండదు. సర్టిఫికెట్‌లో అమ్మ పేరు వదిలేశారు, మేము అడగలేదు. బయానా కింద ఇచ్చిన ఐదు లక్షలు గుర్తొచ్చి ఆ రాత్రి మా ఆయనా నేనూ నిద్రపోలేదు.

మధ్యవర్తి తేలిగ్గా తీసుకున్నాడు. "వేరే బ్యాంకుకి పోదాం మేడం, అక్కడ ఇంత చూడరు. ముసలావిడ వచ్చి అడుగుతుందా?" అన్నాడు. అడిగినా అడగకపోయినా అది ఆమె ఇల్లు. తన కొడుకు ఇంట్లో ఆమెకున్న వాటాని ఆమెకి తెలియకుండా కొనుక్కుని, అందులో పాలు పొంగించడం నా వల్ల కాదని చెప్పేశాను. అంత టెన్షన్‌లోనూ అది మాత్రం మాకు ముందే తేలిపోయింది.

అత్తాకోడళ్ళకి రెండేళ్ళుగా మాటల్లేవట. ఏప్రిల్ నెలాఖరులో మనవడిని వెంటబెట్టుకుని మేమే వెళ్ళాం. ఎనభై దాటిన మనిషి. చెవులు సరిగా వినపడవు. విషయం మూడుసార్లు చెప్పాక, "నా కొడుకు కష్టపడి కట్టిండు బిడ్డా. దాంట్ల నాకు వాటా ఏంది?" అంది. చట్టంలో ఉందని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కోడలు ఏమంటది?" అని అడిగింది.

ఆ సాయంత్రం మనవడు వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. అవతల చాలాసేపు నిశ్శబ్దం. చివరికి ఆ తల్లి, "ఆమె వాటా ఆమె పేరు మీదే చెక్కు రాయమను" అంది. ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయినట్టు అనిపించింది నాకు.

మే 12న లాక్‌డౌన్ పెట్టారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మూతపడింది. అగ్రిమెంటు గడువు దాటిపోతుంటే, వెనక పేజీలో గడువు పెంచుతున్నట్టు రాసి, తేదీ వేసి రెండు వైపులా సంతకాలు పెట్టుకున్నాం. పెద్దావిడ వేలిముద్ర కూడా అందులోనే వేయించాం. నోటిమాట మీద వదిలేయకుండా ఇలా రాసుకోవడమే మంచిదైంది, ఎందుకంటే తర్వాత ఇంకోసారి కూడా పెంచాల్సి వచ్చింది. లోన్ శాంక్షన్ లెటర్ గడువూ తీరింది. మళ్ళీ జీతం స్లిప్పులు, మళ్ళీ బ్యాంకు స్టేట్‌మెంట్లు.

డల్లాస్ అమ్మాయి జీపీఏ, అంటే తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇంకొకరికిచ్చే పత్రం, ఇంకో కథ. తమ్ముడి పేరు మీద జీపీఏ రాసి, అక్కడ నోటరీ చేయించి, హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి కొరియర్‌లో పంపింది. విప్పి చూస్తే ఆస్తి వివరాలు రాసే షెడ్యూల్‌లో ఉత్తరం హద్దు దక్షిణానికి, దక్షిణం హద్దు ఉత్తరానికి పడి ఉన్నాయి. ఇక్కడ టైపు చేసిన చోటే జరిగిన తప్పు అది. ఆ అమ్మాయి మళ్ళీ సెలవు పెట్టి అంతా మొదటి నుంచి చేయించింది. రెండోది జూన్ ఆఖర్లో చేరింది. విదేశంలో రాసిన జీపీఏ మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. దానికి జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగాం. పైగా ఆమె విదేశంలో స్థిరపడింది కాబట్టి ఆమె వాటా మీద మామూలుగా కట్టే ఒక శాతం టీడీఎస్ (ఆమెకిచ్చే డబ్బులోంచి మేము కోసి కట్టే పన్ను) సరిపోదనీ, అప్పటి ఆదాయపు పన్ను చట్టం 195 సెక్షన్ కింద కట్టాలనీ, దానికి మేము ట్యాన్ నంబరు (పన్ను కోసి కట్టేవాళ్ళకిచ్చే నంబరు) తీసుకోవాలనీ ఆడిటర్ చెప్పారు. ఇల్లు కొనేవాళ్ళకి ఇది ముందే ఎవరైనా చెబితే ఎంత బాగుండేదో.

అన్నీ సిద్ధమై స్లాట్ బుక్ చేసే వేళకి జులై 22 నుంచి రిజిస్ట్రేషన్ చార్జీలు 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగాయి. మా 70 లక్షల మీద లక్షా ఐదు వేలు అదనం. ఫర్నిచర్ కోసం దాచిన డబ్బు చలానాకి పోయింది. ఏడుపొచ్చింది. పైగా ఆషాఢం. మా అత్తగారు శ్రావణం దాకా ఆగమన్నారు. ఆగితే ఇంకేం అడ్డం వస్తుందోనని నాకు భయం. "రిజిస్ట్రేషన్ ఇప్పుడు కానిద్దాం అత్తయ్యా, గృహప్రవేశం శ్రావణంలోనే చేసుకుందాం" అంటే సరేనన్నారు.

జులై 29, గురువారం. పెద్దావిడని తెల్లవారుజామున కారులో తీసుకొచ్చారు. ఆఫీసు గేటు దగ్గర కోడలు ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు.

వయసు వల్ల వేలి గీతలు అరిగిపోయి మెషీన్ ముద్ర తీసుకోలేదు. నాలుగుసార్లు తుడిచి పెట్టాక ఐదోసారి పడింది. సబ్ రిజిస్ట్రార్ గారు కాస్త ముందుకి వంగి, గట్టిగా అడిగారు.

"ఇల్లు అమ్ముతున్నట్టు నీకు తెలుసా అమ్మా? పైసలు ముట్టినయా?"

ఆమె కొంగులోంచి మడత పెట్టిన చెక్కు తీసి ఆయనకి చూపించింది. పదిహేడున్నర లక్షలది. "తెలుసు సారూ. నా కొడుకు ఇల్లు. ఈ బిడ్డకిస్తున్న" అని నా వైపు చూసింది.